సెడార్ పెట్టెలో సిగార్లు ఏళ్లపాటు దాచడం: తేమ 58 శాతం దాటడం లేదు, తేడా ఎక్కడ?

#1 తీరం_వైజాగ్

75 సిగార్లు పట్టే డెస్క్‌టాప్ హ్యూమిడార్, అంటే సిగార్లను తగిన తేమలో దాచే పెట్టె. లోపలి కొలత 30×22×15 సెం.మీ., బయట ఎండీఎఫ్ మీద వెనీర్, లోపల 5 మి.మీ. స్పానిష్ సెడార్ లైనింగ్. మూతలో తేమ కొలిచే గుండ్రటి ముల్లు మీటరు, పచ్చ స్పాంజి ఉన్న చిన్న డబ్బా పెట్టెతోపాటే వచ్చాయి. కొత్త పెట్టెలోనే నేరుగా 40 సిగార్లు సర్ది, 60 గ్రాముల 69 శాతం బోవెడా ప్యాకెట్ (లోపలి తేమను ఆ శాతం దగ్గర నిలిపేది) ఒకటి పెట్టాను. పది రోజులైనా మీటరు 58 దగ్గరే ఉంది. ప్యాకెట్ అంచులు అప్పుడే గట్టిపడ్డాయి. ఐదారేళ్లు దాచాలన్నది ఉద్దేశం. గదిలో పగలు 31 డిగ్రీలు, రాత్రి ఏసీ వేస్తే 24. ఏం మార్చాలో చెప్పగలరా?

#2 తేమలెక్క

ముందు సిగార్లన్నీ ఈ రోజే బయటికి తీసి, మూతకు సిలికాన్ రబ్బరు ఉన్న వంటింటి డబ్బాలో పెట్టండి. పెట్టెను ఖాళీగా వదలండి.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. మీ పెట్టె లోపల ఉన్నది దాదాపు 10 లీటర్ల గాలి. 25 డిగ్రీల దగ్గర, 65 శాతం తేమతో ఉన్న 10 లీటర్ల గాలిలో నీరు 0.15 గ్రాములు, అంటే రెండు మూడు చుక్కలు. ఇక కలప సంగతి చూడండి. లైనింగ్ ఆరు వైపులా కలిపి సుమారు 2,900 చదరపు సెం.మీ., 5 మి.మీ. మందం. బరువు 650 గ్రాముల దాకా వస్తుంది. 40 శాతం తేమ ఉన్న గాలిలో ఆరిన కలప తన బరువులో 7, 8 శాతం నీరు పట్టుకుని ఉంటుంది. 65 శాతం గాలితో కుదురుకోవాలంటే దానికి 12 శాతం దాకా కావాలి. తేడా పాతిక గ్రాములు. ఆ పాతిక గ్రాములు మీరు ఇవ్వలేదు కాబట్టి పెట్టె ముందు ప్యాకెట్ నుంచి లాగింది, ఇప్పుడు సిగార్ల నుంచి లాగుతోంది. 40 సిగార్ల ఆకులో ఉన్న నీరంతా కలిపినా 60 గ్రాములు ఉండదు.

మీటరు కొలిచేది గాలిని. మనం కాపాడాల్సింది మాత్రం కలపలో, ఆకులో ఉన్న నీటిని. పొగాకు రైతులు పదును అంటారు చూడండి, ఆకు పట్టుకుంటే విరగదు, నలిపితే తడి అంటదు, ఆ స్థితి. హ్యూమిడార్ చేసే పనల్లా ఆ పదును నిలపడమే.

ఆ ముల్లు మీటరును మాత్రం నమ్మకండి. ఉప్పు పరీక్ష చేసి అంకె ఇక్కడ పెట్టండి. సీసా మూతలో అర చెంచా ఉప్పు, దాని మీద నీళ్లు చుక్కచుక్కగా. తడి ఇసుకలా అవ్వాలి, పైన నీరు తేలకూడదు, ఉప్పు కరిగిపోకూడదు. మూతనూ మీటరునూ ఒకే జిప్ కవరులో పెట్టి బిగించి, ఏసీ గాలి తగలని చోట 24 గంటలు వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు ఎంత చూపిస్తే 75తో తేడా అంత. ప్యాకెట్లలో దొరికే మెత్తటి ఉప్పే వాడండి. శుద్ధి చేయని కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, అవి అంకెను కిందికి దించుతాయి.

#3 వడ్రంగం

మూత సీలు కూడా చూసుకోండి. సీలు లేకపోతే ఎన్ని ప్యాకెట్లు పోసినా వృథా. గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చి వెలిగించి పెట్టెలో పెట్టి మూత వేయండి. అంచు చుట్టూ ఎక్కడైనా వెలుగు గీత కనిపిస్తే అక్కడ గాలి పోతున్నట్టే. రెండోది కాగితం పరీక్ష. పది రూపాయల నోటు వెడల్పు కాగితం సగం లోపల, సగం బయట ఉండేలా మూత వేసి లాగండి. నాలుగు వైపులా బిగువు తెలియాలి. ముందువైపు బిగువుగా ఉండి, కబ్జాల (మూత బందుల) వైపు జారిపోతే కబ్జా మరలు సరిగా కూర్చోలేదని అర్థం.

మంచి పెట్టెలో సెడార్ పలక కింది పెట్టె అంచుకన్నా రెండు మూడు మి.మీ. పైకి లేచి, మూతలోపలి గాడిలో దిగుతుంది. సీలు అంతా అక్కడే ఉంటుంది, తాళంలో కాదు. మూత వదిలేస్తే దబ్బున పడకుండా, చివరి సెంటీమీటరులో గాలి అడ్డుపడ్డట్టు మెల్లగా కూర్చుంటే సీలు బాగున్నట్టు.

మీటరు కోసం మూతకు గుండ్రటి రంధ్రం చేసిన పెట్టెలు ఉంటాయి. నీళ్ల కుండకు చిల్లు లాంటిది అది. రంధ్రం ఉంటే లోపలి నుంచి సిలికాన్‌తో మూసి, అది పూర్తిగా గట్టిపడి వాసన పోయే దాకా పది రోజులైనా తెరిచి ఉంచండి.

#4 పాతపెట్టె

కలపను పదునుకు తేవడం గురించి. తడిగుడ్డతో లోపలంతా తుడవమని చాలా చోట్ల రాస్తారు. 5 మి.మీ. పలకకు ఒకవైపు ఒక్కసారిగా నీరు తగిలితే ఆ ముఖం ఉబ్బుతుంది, వెనకవైపు పొడిగా ఉంటుంది, పలక విల్లులా వంగుతుంది, మూత కూర్చోదు. ఆ పని చేయకండి.

84 శాతం బోవెడా ప్యాకెట్లు ఉన్నవి దీనికోసమే. 25 సిగార్ల సామర్థ్యానికి 60 గ్రాములది ఒకటి. మీకు మూడు కావాలి. ఖాళీ పెట్టెలో పెట్టి, ట్రే, అడ్డు పలకలు కూడా లోపలే ఉంచి, మూత వేసి 14 రోజులు ముట్టుకోకండి. రోజూ తెరిచి చూస్తే ఆ పద్నాలుగు రోజులు ఇరవై అవుతాయి.

ప్యాకెట్లు దొరకకపోతే కొత్త స్పాంజిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, కారకుండా పిండి, పింగాణీ సాసర్లో పెట్టి లోపల ఉంచండి. సాసరు కింద ప్లాస్టిక్ కాగితం. స్పాంజి కలపకు తగలకూడదు. రెండు రోజులకోసారి తడి చూసుకుంటూ వారం, పది రోజులు. తీసేశాక మరో రెండు రోజులు ఖాళీగా మూసి ఉంచితే పలక పైపొరలో ఉన్న తడి లోపలికి సర్దుకుంటుంది.

నీళ్ల విషయంలో కక్కుర్తి పడొద్దు. కుళాయి నీళ్లలో, ఆర్వో నీళ్లలో కూడా, లవణాలు మిగిలి ఉంటాయి. నీరు ఆవిరయ్యాక అవి స్పాంజిలో పేరుకుంటాయి. నిలవ ఉన్న కుళాయి నీరు బూజుకు విత్తనం. మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది.

#5 తీరం_వైజాగ్

ఉప్పు పరీక్షలో ముల్లు 81 చూపించింది. అంటే 6 ఎక్కువ చూపిస్తోంది కదా? అంటే ఇన్నాళ్లూ లోపల ఉన్నది 52. టార్చి పరీక్షలో వెలుగు ఎక్కడా రాలేదు. నోటు వెనకవైపు కొంచెం వదులుగా ఉంది.

రెండు ప్రశ్నలు. పచ్చ స్పాంజి డబ్బాను కూడా వాడుకోవచ్చా? ఇంకో చిన్న పెట్టె చేయించాలంటే దేవదారు పలక వాడొచ్చా? ఇక్కడ అదే సులువుగా దొరుకుతోంది.

#6 వడ్రంగం

దేవదారు వద్దే వద్దు. పేరులో సెడార్ ఉన్నా స్పానిష్ సెడార్ అసలు ఆ జాతే కాదు. దాని శాస్త్రీయ నామం సెడ్రెలా ఓడోరాటా, మధ్య, దక్షిణ అమెరికా చెట్టు. మహాగనిది, మన వేపదీ అదే కుటుంబం. దేవదారు పైన్ కుటుంబంలోది, నూనె ఘాటు. పెన్సిళ్లకు, బట్టల పెట్టెలకు వాడే ఎర్ర సెడార్ జూనిపర్ జాతిది, అదీ ఘాటే. ఆ నూనె వాసన రెండు వారాల్లో ఆకులోకి ఎక్కుతుంది, మళ్లీ పోదు. స్పానిష్ సెడార్ దొరకకపోతే బాగా ఆరిన మహాగని నయం. వాసన తక్కువ, తేమ పట్టడం దాదాపు అంతే.

పలక కొనేటప్పుడు వేలితో రుద్ది చూడండి. జిగురు తగిలితే అది బట్టీలో సరిగా ఆరని కలప. పెట్టెలో పెట్టాక తేనెరంగు బంక చుక్కలు కట్టి సిగార్లకు అంటుకుంటుంది. చుక్కలు వస్తే గుడ్డ ముక్కకు అసిటోన్ అద్ది తుడవండి, మూత తీసి వాసన పూర్తిగా పోయే దాకా ఆరబెట్టండి. బంక మళ్లీ వస్తే మళ్లీ తుడవాల్సిందే. పలకలను జిగురుతో అతికించకండి, గట్టిగా ఇమిడేలా కోసి దించండి. కలప తేమకు ఉబ్బుతుంది, తగ్గుతుంది. కదలడానికి చోటు లేకపోతే మూల దగ్గర చీలుతుంది. లోపలివైపు వార్నిష్, పాలిష్, నూనె ఏదీ తగలకూడదు. వాసన మందగిస్తే 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది దుమ్ము దులిపితే చాలు.

వెనక వదులుకు కబ్జా మరలు అర చుట్టు వదిలి, మూతను చేత్తో నొక్కిపట్టి మళ్లీ బిగించండి. సగం పెట్టెలకు అంతే పని.

#7 తేమలెక్క

అవును, 52. 81లోంచి 75 తీస్తే 6, ఆ 6ను 58లోంచి తీసేయాలి. ఆ మీటరును అలంకారానికి వదిలేసి డిజిటల్‌ది కొనండి. దానికీ ఆరు నెలలకోసారి ఉప్పు పరీక్ష చేయండి. మీటరును ప్యాకెట్ పక్కన పెడితే ప్యాకెట్ సంగతే చెబుతుంది. ఎదురు మూలలో, సిగార్ల ఎత్తులో పెట్టండి.

పచ్చ స్పాంజి బొకేలకు వాడే ఫోమ్ లాంటిదే. దానిలో ప్రొపైలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోస్తే 70 దగ్గర నిలుస్తుంది. ఆవిరయ్యేది నీరు, గ్లైకాల్ చాలావరకు ఉండిపోతుంది. అందుకే తర్వాత నీరే పోస్తూ, కొన్ని నెలలకోసారి మాత్రం గ్లైకాల్ కలపాలి. మరీ తరచుగా కలిపితే గ్లైకాల్ పేరుకుని స్పాంజి తేమ ఇవ్వడం మానేస్తుంది. పైగా అది తేమ ఇస్తుందే తప్ప, ఎక్కువైతే సరిగా వెనక్కి తీసుకోదు. వైజాగ్ వానాకాలంలో మీకు కావాల్సింది వెనక్కి తీసుకునేది. ఐదేళ్ల దాపుకు బోవెడా లాంటి రెండు వైపులా పనిచేసే ప్యాకెట్లే సరి. రెండు పద్ధతులూ ఒకే పెట్టెలో పెట్టకండి, 65, 72 ప్యాకెట్లు కలిపి కూడా పెట్టకండి. ఒకటి ఇస్తుంటే రెండోది తాగేస్తుంది, రెండూ త్వరగా చచ్చిపోతాయి.

ఏ శాతం అన్నదానికి: కొద్దిగా గాలి పోయే చెక్క పెట్టెలో 69 ప్యాకెట్ పెడితే లోపల 65, 66 దగ్గర నిలుస్తుంది. రబ్బరు సీలు ఉన్న డబ్బాలో 69 పెడితే 69 ఉంటుంది, ఏళ్ల దాపుకు అది ఎక్కువ. అక్కడ 62 గానీ 65 గానీ పెట్టండి.

#8 గుంటూరు_గోదాం

అందరూ తేమ గురించే మాట్లాడుతున్నారు. #1లో నన్ను భయపెట్టిన అంకె 31 డిగ్రీలు.

పొగాకు పురుగు పేరు లాసియోడెర్మా సెర్రికార్నే. ఎర్రటి గోధుమ రంగు, రెండు మూడు మి.మీ. పొడవు. గుడ్డు కంటికి కనిపించనంత చిన్నది, ఆకులోపలే ఉండొచ్చు. 20 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద పురుగు అవడానికి నాలుగు నెలలు పడుతుంది. అంతకన్నా చల్లగా ఉంటే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. 30 దాటిందంటే నెల పైచిలుకులో తరం తయారు. తొలిచేది పిల్ల పురుగు. సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం, పెట్టె అడుగున మెత్తటి గోధుమ రంగు పొడి కనిపిస్తే అదే. సెడార్ వాసనకు పురుగు రాదంటారు. దాన్ని నమ్ముకుని ఊరుకోకండి, లోపల ఉన్న గుడ్డును ఆ వాసన ఏమీ చేయదు.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఇదే పురుగు నిలవ పసుపులో, ఎండుమిర్చిలో, ధనియాల్లో పెరుగుతుంది. గోదాముల్లో దీన్ని ఎరగనివారు ఉండరు. కాబట్టి హ్యూమిడార్‌ను వంటింటి సరుకుల అలమరలో గానీ పక్కన గానీ పెట్టకండి.

మీ సిగార్లు ఎన్నాళ్లుగా 31లో ఉన్నాయో తెలియదు కాబట్టి గడ్డకట్టించండి. పొడిగా ఉన్నవాటి కన్నా పదునులో ఉన్నవి నయం, రాపరు (పైన చుట్టిన ఆకు) పగలదు. అయినా మీ వేడికి ఆగడం మంచిది కాదు. కొన్నప్పటి పెట్టెతో సహా గానీ విడిగా గానీ రెండు జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటి వేసి, గాలి పిండేసి, ముందు ఫ్రిజ్‌లో 24 గంటలు. తర్వాత డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర కనీసం మూడు రోజులు, ఇంటి ఫ్రీజర్ అయితే వారం ఉంచండి. మధ్యలో కరెంటు పోయి ఫ్రీజర్ వేడెక్కితే రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. తీశాక మళ్లీ ఫ్రిజ్‌లో 24 గంటలు, ఆ తర్వాత గదిలో 24 గంటలు. అన్నాళ్లూ కవరు విప్పకూడదు. చల్లటి సిగార్ మీద వైజాగ్ గాలి తగిలితే చెంబు మీద చెమట పట్టినట్టు నీరు పట్టి, రాపరు ఉబ్బి నిలువునా చీలుతుంది. కవరు బయటి తడి పూర్తిగా ఆరాకే విప్పండి.

#9 తీరం_వైజాగ్

ఇంట్లో గోదావరి లంక పొగాకు చుట్టలు ఒక కట్ట ఉన్నాయి. అవీ ఇదే పెట్టెలో పెట్టొచ్చా?

#10 గుంటూరు_గోదాం

వద్దు. లంక ఆకు ఘాటు వేరు. మూసిన పెట్టెలో నెల తిరిగేసరికి పక్క సిగార్లకు ఆ వాసన పడుతుంది. చుట్టలు గడ్డకట్టించి అమ్మేవి కావు, పురుగు గుడ్లు ఉండే అవకాశం ఎక్కువ. విడిగా రబ్బరు సీలు డబ్బాలో, ఫ్రీజర్ పని చేశాకే పెట్టండి. వనిల్లా, రమ్ వాసన కలిపిన సిగార్లకూ ఇదే నియమం, వాటికీ వేరే డబ్బా.

#11 జెర్సీ_తెలుగు

వేడి గురించి ఒక అపోహ ఉంది. గది వేడెక్కితే హ్యూమిడార్‌లో తేమ శాతం పడిపోతుందని. ఖాళీ గాజు సీసాలో నిజమే. కలప, ఆకు నిండిన పెట్టెలో జరిగేది వేరు. వేడికి అవి కొంచెం నీరు వదులుతాయి, శాతం పెద్దగా మారదు, కాస్త పెరుగుతుంది కూడా. అసలు నష్టం పెట్టెలో ఒకవైపు వేడి, ఒకవైపు చల్లదనం ఉన్నప్పుడు. నీరు చల్లటి వైపుకు పోయి అక్కడి కలపలో చేరుతుంది. మీటరు 65 చూపిస్తుంటే ఆ మూలలో బూజు పుట్టడం ఇలాగే. ఏసీ గాలి నేరుగా తగిలే బల్ల, పడమటి ఎండ పడే గోడ, ఫ్రిజ్ పైభాగం, ఈ మూడూ వద్దు.

పగలు 31, రాత్రి 24 గదికి చవకైన మార్గం థర్మోకోల్ గోడల ఐస్‌బాక్స్. పెట్టెను దానిలో పెట్టి, ఇంటి లోపలి గోడకు ఉన్న బీరువాలో ఉంచితే రోజువారీ ఊపు తగ్గుతుంది. సగటు మాత్రం తగ్గదు, మే నెలలో సగటే 30 అయితే అది చాలదు. అప్పుడు వైన్ కూలర్. కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకం గది కన్నా 12, 15 డిగ్రీలకు మించి చల్లబరచలేదు. 38 డిగ్రీల గదిలో దాన్ని 18కి పెట్టినా రాదు. కంప్రెసర్ రకం తీసుకుని 18 నుంచి 20 మధ్య పెట్టండి. అది తిరిగినప్పుడల్లా చల్లటి పలక మీద నీరు కట్టి కూలర్లో గాలి ఎండుతుంది, ఆగినప్పుడు తేమ లేస్తుంది. అందుకే కూలర్లో సిగార్లు విడిగా పరవకుండా మూసిన సెడార్ పెట్టెల్లోనే ఉంచాలి. కూలరు గాలి ఊగినా పెట్టె లోపలికి ఆ ఊపు చేరదు.

మా వైపు చలికాలం బాధ దీనికి తలకిందులు. హీటర్ వేసిన ఇంట్లో తేమ 20, 25కు పడిపోతుంది. వేసవిలో ఆరు నెలలు వచ్చే ప్యాకెట్ జనవరిలో రెండు నెలల్లో రాయి అవుతుంది.

#12 పాతపెట్టె

ఐదేళ్ల దాపు అన్నారు కాబట్టి సర్దే తీరు కూడా. సెలోఫేన్ తీయాలా అని తప్పకుండా అడుగుతారు. సెలోఫేన్ నీటి ఆవిరిని రానిస్తుంది, అడ్డం కాదు. విడి సిగార్లకు ఉంచేయండి, రాపరుకు గీతలు పడవు, ఒకదానికి పురుగు పడితే పక్కదానికి పాకడం ఆలస్యమవుతుంది. ఏళ్లు గడిస్తే ఆ కాగితం పసుపు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. వయసు తెలిసే గుర్తు అది. అల్యూమినియం ట్యూబుల్లో ఉన్నవాటికి మాత్రం మూత వదులు చేయాలి, లేకపోతే లోపల ఏముందో మీ పెట్టెకు తెలియదు.

కొత్త సిగార్లలో అమ్మోనియా వాసన ఉంటుంది, పులియబెట్టిన ఆకులో మిగిలినది. అది పోవడానికి గాలి కొంచెం మారాలి. నెలకోసారి మూత తీసి అర నిమిషం ఉంచితే చాలు. వారం వారం పైవి కిందికి, కిందివి పైకి తిప్పే పని నాకు నచ్చదు. తిప్పిన ప్రతిసారీ రాపరు అంచు నలుగుతుంది. కర్రపెట్టెతో కొన్నవి ఆ పెట్టెలోనే వదిలేయండి. క్యూబా పెట్టెల అడుగున 1985 నుంచి ఫ్యాక్టరీ గుర్తు, తేదీ ముద్ర ఉంటాయి, ఏళ్లు లెక్కపెట్టడానికి అదే ఆధారం. విడివాటికి కొన్న నెల, ఫ్రీజర్లో పెట్టిన తేదీ చీటీ మీద రాసి కట్టండి. పెట్టె ముప్పావు వంతు కన్నా నింపొద్దు.

#13 తీరం_వైజాగ్

రెండు సిగార్ల చివర తెల్లటి పొడిలా ఉంది. వయసుకు వచ్చే బ్లూమ్ అని కొందరు అన్నారు.

#14 తేమలెక్క

బ్లూమ్ అని చెప్పుకునే దానిలో చాలావరకు బూజే. భూతద్దంతో చూడండి. దూదిలా, వెంట్రుకల్లా, చుక్కలు చుక్కలుగా ఉంటే బూజు. నీలం, ఆకుపచ్చ రంగు తిరిగితే అనుమానమే లేదు. మీరు చెప్పిన చోటు, అంటే కోసిన చివర, ఫిల్లరు (లోపల నింపిన ఆకు) బయటపడే చోటు. అక్కడ బూజు ఉంటే లోపలికి వెళ్లి ఉండొచ్చు, ఆ రెండూ పారేయండి. రాపరు మీద మాత్రమే ఒకటి రెండు చుక్కలుంటే పొడి గుడ్డతో తుడిచి, వారం విడిగా పెట్టి చూడొచ్చు. అవి తగిలిన పలకను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు తెరిచి ఆరబెట్టండి. పది రోజులు 52లో ఉన్న పెట్టెలో బూజు పుట్టదు, కొనేటప్పటికే ఉండి ఉంటుంది. మిగతా 38నీ చివరలు చూడండి.

#15 తీరం_వైజాగ్

మిగతావి శుభ్రంగానే ఉన్నాయి. 84 ప్యాకెట్లు మూడు పెట్టాను. పెట్టె తయారయ్యే లోపు, ఫ్రీజర్ నుంచి వచ్చిన సిగార్లను డబ్బాలో 69తోనే ఉంచనా?

#16 పాతపెట్టె

ఒకేసారి 69 వద్దు. 52లో ఎండిన ఆకుకు గబగబా తేమ ఇస్తే లోపలి ఫిల్లరు ఉబ్బుతుంది, రాపరు అంత సాగదు, బ్యాండు పక్కనే చీలిక వస్తుంది. డబ్బాలో 62 ప్యాకెట్‌తో మూడు వారాలు, ఆ తర్వాత 65తో మరో రెండు వారాలు. వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. చిటపటమనకుండా కొంచెం లొంగి, వదిలితే మళ్లీ నిండుగా రావాలి. అప్పుడు 84 ప్యాకెట్లు తీసేసి, రెండు రోజులు ఆగి, 69 ప్యాకెట్లు మూడింటితో పెట్టెలో సర్దండి.

ఆ మూడింటినీ పెట్టే ముందు చిన్న కాటా మీద తూచి, బరువు ప్యాకెట్ మీదే రాయండి. నెలనెలా తూస్తే ఎంత నీరు పోతోందో తెలుస్తుంది. ఒక నెల ఉన్నట్టుండి ఎక్కువ తగ్గితే మీటరు చెప్పకముందే కబ్జా దగ్గర నోటు పరీక్ష మళ్లీ చేయండి. లోపలి ద్రవం పోయి ప్యాకెట్ అంతా గులకరాళ్లలా తగిలితే మార్చేయాలి, మూడూ ఒకేసారి.